12 సీట్ల పార్టీ 2 సీట్లకు ఎలా వచ్చింది: బిహార్‌లో సీపీఐ(ఎంఎల్) లిబరేషన్ కేస్ స్టడీ

2020లో బిహార్‌లో 19 చోట్ల నిలబడి 12 గెలిచిన పార్టీ, 2025 నవంబరులో 20 చోట్ల నిలబడి రెండే గెలిచింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఎవరైనా అనే మాట ఒకటే, పార్టీ పని అయిపోయిందని. నియోజకవర్గాల ఫలితాలు, ముఖ్యంగా బూత్‌లవారీ లెక్కలుండే ఫారం 20లు ముందేసుకుని కూర్చోవడం నా పని కాబట్టి ఆ మాట నేను అంత తేలిగ్గా అనలేను. ఈ పార్టీకి సీట్లు పెరిగినప్పుడు అందుకు తగ్గట్టు ఓట్లు పెరగలేదు, సీట్లు పోయినప్పుడు ఓట్లూ పోలేదు. చిన్న పార్టీలతో పనిచేసేవాళ్లు ఎవరైనా ముందు అర్థం చేసుకోవాల్సింది ఈ సంగతే అని నా నమ్మకం, అందుకే దీన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదలుపెట్టాల్సింది 1967 నుంచి. ఇప్పటి భోజ్‌పూర్ జిల్లా సహార్ బ్లాకులో ఏక్వారీ అనే ఊరు ఉంది. ఆ ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో సహార్ నుంచి రామ్ నరేశ్ రామ్ అనే దళిత కార్యకర్త సీపీఎం తరఫున నిలబడ్డారు. పోలింగ్ రోజు భూస్వాముల మనుషులు దొంగ ఓట్లు వేసుకుంటుంటే అడ్డుపడిన జగదీశ్ మహతో అనే బడిపంతుల్ని చితక్కొట్టారు. భోజ్‌పూర్ నక్సలైట్ ఉద్యమం అని తర్వాత చరిత్రకెక్కిన పోరాటానికి ముందున్న ఘటన ఇది. ఆ మాస్టారు, రామేశ్వర్ అహీర్, రామ్ నరేశ్ రామ్, ముగ్గురూ ఆ దారి పట్టారు. అంటే ఇక్కడ తుపాకీ పట్టినవాళ్లు ఎన్నికల మీద నమ్మకం లేక పట్టలేదు, ఓటు వేయనివ్వనందుకు పట్టారు. తర్వాత పదిహేనేళ్లకు పైగా పార్టీ ఎన్నికలను బహిష్కరించినా కింద జనంలో ఓటు మీద ఆశ చావలేదు. ఈ ఒక్క విషయం మరిచిపోతే మిగతా చరిత్ర అంతా కేవలం పొత్తుల లెక్కలా కనపడుతుంది.

సీపీఐ(ఎంఎల్) 1969 ఏప్రిల్ 22న ఏర్పడింది. ఎన్నికల బహిష్కరణే అప్పటి లైన్. 1972లో చారు మజుందార్ పోయాక పార్టీ ముక్కలు ముక్కలైంది, అందులో బిహార్ మైదానాల్లో నిలదొక్కుకున్న ముక్కే ఈ లిబరేషన్. 1975లో కార్యదర్శి జౌహర్ పోలీసు కాల్పుల్లో చనిపోయాక వినోద్ మిశ్రా నాయకత్వంలోకి వచ్చారు. పార్టీ అజ్ఞాతంలోనే ఉంది కానీ 1982లో ఇండియన్ పీపుల్స్ ఫ్రంట్, అదే ఐపీఎఫ్, పేరుతో బహిరంగ వేదిక ఒకటి పెట్టారు. 1985 అసెంబ్లీ ఎన్నికల్లో ఆ ఫ్రంట్ పోటీలోకి దిగింది. ఈ మార్పు రాత్రికి రాత్రి వచ్చింది కాదు, కింది కేడర్ నుంచి ఒత్తిడి ఉంది, పైన సుదీర్ఘమైన చర్చ ఉంది. పార్టీ తన పేరుతో బహిరంగంలోకి వచ్చింది 1992 డిసెంబరులో కోల్‌కతా మహాసభతోనే.

తెలుగువాళ్లకు ఇది కొత్త కథేమీ కాదు. మన ఇల్లందులో గుమ్మడి నర్సయ్య గారు 1983, 85, 89, 99, 2004లలో ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు, అదీ ఎంఎల్ రాజకీయాల నుంచే. తేడా ఏమిటంటే మన దగ్గర ఆ బలం దాదాపు ఒక్క నియోజకవర్గం చుట్టూనే ఆగిపోయింది. బిహార్‌లో భోజ్‌పూర్, సివాన్, పాట్నా గ్రామీణం, అర్వల్-జహానాబాద్, కటిహార్ అని చెదురుమదురుగా ఐదారు చోట్ల గడ్డ దొరికింది. ఆ చెదురుమదురు ఉనికే తర్వాత పొత్తు బేరంలో పనికొచ్చింది.

1989 లోక్‌సభ ఎన్నికల్లో భోజ్‌పూర్ జిల్లాలోని ఆరా నుంచి ఐపీఎఫ్ అభ్యర్థి రామేశ్వర్ ప్రసాద్ గెలిచారు. దేశమంతా బోఫోర్స్, వీపీ సింగ్ గాలి వీస్తుంటే, అజ్ఞాత పార్టీ వెనకున్న ఫ్రంట్ మనిషి పార్లమెంటుకు వెళ్లాడు. భోజ్‌పూర్‌లో ఎన్నో దళిత వాడల్లో జనం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తమ ఓటు తామే వేసింది ఆ ఎన్నికల్లోనే. దానికి అప్పుడే మూల్యం కూడా చెల్లించారు, దన్వార్ బిహటాలో ఓటు వేసినందుకు దళితులను చంపేశారు. నేను ఎన్ని ఫలితాల పట్టికలు చూసినా, ఆరా 1989 దగ్గరికి వచ్చేసరికి ఆ ఓట్ల అంకెను మామూలు అంకెలా చదవలేను.

మరుసటి ఏడాది, 1990లో, ఐపీఎఫ్‌కు ఏడుగురు ఎమ్మెల్యేలు వచ్చారు. ఆ వెంటనే వెనుకబడిన కులాల రిజర్వేషన్ల మండల్ రాజకీయం, లాలూ ప్రసాద్. ఐపీఎఫ్ వెనకున్న వెనుకబడిన కులాల రైతుల్లో పెద్ద భాగం లాలూ వైపు జరిగింది, ఏడుగురిలో నలుగురు ఎమ్మెల్యేలు కూడా గోడ దూకి జనతాదళ్‌లో చేరారు. 1991లో ఆరా సీటు కూడా జనతాదళ్‌కే పోయింది. చాలా చిన్న పార్టీలు ఇలాంటి దెబ్బకు లేవవు. ఇది లేచింది. 1994లో ఐపీఎఫ్‌ను రద్దు చేసి, 1995లో సొంత పేరుతో, మూడు నక్షత్రాల జెండా గుర్తుతో పోటీ చేసి ఆరు సీట్లు తెచ్చుకుంది. సహార్ నుంచి ఎవరు గెలిచారనుకున్నారు? 1967లో ఓడించబడిన రామ్ నరేశ్ రామే. ఆ తర్వాత 2005 రెండు ఎన్నికల దాకా ఆ సీటును వదల్లేదు.

అదే దశాబ్దంలో భూస్వాముల ప్రైవేటు సైన్యం రణవీర్ సేన ఊచకోతలు జరిగాయి. 1996 జులైలో బథానీ టోలాలో 21 మంది, 1997 డిసెంబరు 1 రాత్రి లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మంది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలే. కింది కోర్టు శిక్ష వేసినవాళ్లను పాట్నా హైకోర్టు 2012, 2013లలో నిర్దోషులుగా వదిలేసింది. ఆ ఊళ్లలో ఓటు ఎటు పడుతుందో సర్వే చేసి తెలుసుకోవాల్సిన పనిలేదు.

ఇక సీట్ల వరస చూడండి. 1990లో 7, 1995లో 6, 2000లో జార్ఖండ్ విడిపోకముందు బగోదర్‌తో కలిపి 6, 2005 ఫిబ్రవరిలో 7, అక్టోబరులో 5, 2010లో సున్నా, 2015లో 3, 2020లో 12, 2025లో 2. ఓట్ల శాతం మాత్రం ఇంత ఎగుడుదిగుడుగా లేదు. 2005 ఫిబ్రవరిలో రెండున్నర దగ్గర, 2010లో 1.8, 2015లో 1.5, 2020లో 3 దాటింది, 2025లో 3కు కాస్త తక్కువ.

శాతాలు కూడా పూర్తి కథ చెప్పవు, ఎందుకంటే ఎన్ని చోట్ల పోటీ చేశారన్నది మారిపోయింది. 2015లో ఒంటరిగా, చిన్న వామపక్షాల కూటమిలో, 98 చోట్ల పోటీ చేస్తే దాదాపు 5.9 లక్షల ఓట్లు వచ్చాయి, అంటే సీటుకు సగటున 6 వేలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది కాబట్టి అత్యధిక చోట్ల గల్లంతే. 2020లో లాలూ పార్టీ ఆర్జేడీ నడిపే మహాగఠ్‌బంధన్ కూటమిలో 19 చోట్ల పోటీ చేస్తే 13 లక్షల పైన, సీటుకు సగటున 70 వేలు. ఆ ఐదేళ్లలో పార్టీ పదిరెట్లు పెరిగిందని ఎవరూ అనరు. సొంత ఓటు గట్టిగా ఉన్న చోట్ల మాత్రమే నిలబడి, దాని మీద ఆర్జేడీ ఓటు వచ్చి పడింది.

2025 దగ్గర అసలు ఆశ్చర్యం. 20 సీట్లలో దాదాపు 14 లక్షల ఓట్లు, సగటు మళ్లీ 70 వేల దగ్గరే. 12 గెలిచినప్పుడు ఎంతో, 2 గెలిచినప్పుడూ అంతే! వీళ్ల ఓటు చెక్కుచెదరలేదు. అవతలివాళ్ల ఓటు పెరిగింది. పోలింగ్ శాతం 2020లో 57 ఉంటే 2025లో 67 దాకా వెళ్లింది, అంటే ప్రతి నియోజకవర్గంలో కొత్తగా బూత్‌కు వచ్చిన వేలమందిలో ఎక్కువ భాగం ఎన్డీఏకే వేశారు. గెలవడానికి 70 వేలు సరిపోయిన చోట 80, 85 వేలు కావాల్సి వచ్చింది.

దీన్ని తరారీలో దగ్గరగా చూడొచ్చు. నియోజకవర్గాల పునర్విభజనలో సహార్ నియోజకవర్గం మాయమై, దాని ఊళ్లు కొన్ని తరారీలోకి, కొన్ని ఎస్సీ రిజర్వుడ్ అయిన అగియావ్‌లోకి పోయాయి. ఇలాంటి పార్టీకి పునర్విభజన చేసినంత చెరుపు శత్రువు కూడా చేయడు, ముప్పై ఏళ్లు ఊరూరూ తిరిగి కట్టుకున్న ఓటు రెండు చోట్ల సగం సగమైపోతుంది. 2010లో, నితీశ్ గాలిలో ఎన్డీఏ 206 గెలిచినప్పుడు, తరారీ కూడా నితీశ్ పార్టీ జేడీయూ ఖాతాలో పడింది, సునీల్ పాండే గెలిచారు. 2015లో లిబరేషన్ నుంచి సుదామా ప్రసాద్, పాస్వాన్‌ల పార్టీ ఎల్‌జేపీ నుంచి సునీల్ పాండే భార్య గీతా పాండే, మహాగఠ్‌బంధన్ తరఫున కాంగ్రెస్ అభ్యర్థి. ముక్కోణపు పోటీలో ముగ్గురికీ నలభై వేల చుట్టూ వచ్చాయి. సుదామాకు 44,050, గీతా పాండేకు 43,778. తేడా 272. ఆ 44 వేలు ఎవరి అండా లేకుండా తెచ్చుకున్నవి, పార్టీ అసలు సొంత ఓటు తరారీలో ఎంతో చెప్పే అంకె అదే.

2020లో అదే సుదామా ప్రసాద్‌కు పొత్తులో 73,945 వచ్చాయి. సునీల్ పాండే స్వతంత్రుడిగా దిగి 62,930 తెచ్చుకున్నారు, బీజేపీ అధికారిక అభ్యర్థి మూడో స్థానంలో ఉండిపోయారు. అంటే గెలుపు 11 వేల తేడాతో కనపడినా, అవతలి ఓటు రెండుగా చీలితేనే అది. 2024లో సుదామా లోక్‌సభకు వెళ్లాక జరిగిన ఉప ఎన్నికలో బీజేపీ పాండే దంపతుల కొడుకు విశాల్ ప్రశాంత్‌కే టికెట్ ఇచ్చింది. చీలిక పోయింది, సీటూ పోయింది, 2025లోనూ తిరిగి రాలేదు. ఆ ఉప ఎన్నికను అప్పట్లో చాలామంది స్థానిక సంగతిగా కొట్టిపారేశారు, నా దృష్టిలో 2025 మొత్తం ఫలితానికి అది ఏడాది ముందే వచ్చిన హెచ్చరిక.

ఆరా లోక్‌సభ సీటు పొత్తు ఎలా పండుతుందో చూపిస్తుంది. 2014లో లిబరేషన్ అభ్యర్థి రాజూ యాదవ్‌కు ఒంటరిగా లక్షకు కాస్త తక్కువ ఓట్లు వచ్చి మూడో స్థానం. రెండో స్థానంలో ఆర్జేడీ తరఫున నిలిచింది శ్రీభగవాన్ సింగ్ కుష్వాహా, 1990లో ఐపీఎఫ్ నుంచి గెలిచి గోడ దూకినవాళ్లలో ఒకరు. 2019లో ఆర్జేడీ ఆరాను లిబరేషన్‌కు వదిలేసింది, బదులుగా పాటలీపుత్రలో లాలూ కూతురు మీసా భారతికి వీళ్లు మద్దతిచ్చారు. రాజూ యాదవ్ ఓడారు కానీ ఓట్లు 4.19 లక్షలకు చేరాయి. ఓడిన ఎన్నిక కాబట్టి దాన్నెవరూ పట్టించుకోలేదు, అయితే ఆర్జేడీ ఓటు మూడు నక్షత్రాల గుర్తుకు బదిలీ అవుతుందని ఋజువైంది అక్కడే. ఏడాది తర్వాత 19 సీట్లు అడగడానికి చేతిలో ఉన్న కాగితం అది. 2024లో సుదామా ప్రసాద్ కేంద్రమంత్రి ఆర్‌కే సింగ్‌ను 59 వేల పైచిలుకు తేడాతో ఓడించారు. 1989 తర్వాత ఆరాకు మళ్లీ ఈ పార్టీ ఎంపీ. కారాకాట్‌లో రాజారామ్ సింగ్ లక్షకు పైగా తేడాతో గెలిచారు, కాకపోతే అక్కడ భోజ్‌పురి గాయకుడు పవన్ సింగ్ స్వతంత్రుడిగా దిగి రెండో స్థానానికి రావడం, ఎన్డీఏ అభ్యర్థి ఉపేంద్ర కుష్వాహా మూడుకు పడిపోవడం వల్ల ఆ మెజారిటీ అంత పెద్దగా కనపడింది.

పొత్తు ఖరీదు గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కేసు సగమే చెప్పినట్టు. 1997 మార్చి 31న సివాన్‌లో వీధి సభ పెడుతుండగా చంద్రశేఖర్‌ను కాల్చి చంపారు. జేఎన్‌యూ విద్యార్థి సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసి, సొంత ఊరి జిల్లాకు తిరిగొచ్చి పార్టీ పనిచేస్తున్న కుర్రాడు. వేళ్లన్నీ అప్పటి స్థానిక ఎంపీ షహాబుద్దీన్ అనుచరుల వైపు చూపించాయి, ఆయనది లాలూ పార్టీ. సివాన్‌లో లిబరేషన్ కార్యకర్తలు ఎంతోమంది ఆ రోజుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే జిల్లాలో 2020లో దరౌలీ, జీరాదేయి రెండు సీట్లూ ఆర్జేడీ పొత్తుతో గెలిచారు, జీరాదేయి అభ్యర్థి అమర్‌జీత్ కుష్వాహా జైల్లో ఉండి గెలిచారు. బీజేపీని ఆపడమే ముందున్న పని అని పార్టీ ప్రధాన కార్యదర్శి దీపాంకర్ భట్టాచార్య నాయకత్వం తేల్చుకుంది, కేడర్ ఒప్పుకుంది. ఆ నిర్ణయం సరైనదేనని నేననుకుంటాను. అయితే చంద్రశేఖర్ పోస్టరు ఇప్పటికీ గోడ మీద ఉన్న ఆఫీసులో కూర్చుని ఆర్జేడీ వాళ్లతో బూత్ కమిటీలు వేసుకోవడం ఎంత బరువైన పనో, బయటినుంచి ఓట్ల బదిలీ అని రెండు ముక్కల్లో తేల్చేసే మనలాంటివాళ్లు ఒకసారి ఆలోచించాలి.

2020 గెలుపుకు ఇంకో కారణం ఉంది, దాన్ని పార్టీ అభిమానులు తక్కువ చేసి చూస్తారు. ఆ ఎన్నికల్లో చిరాగ్ పాస్వాన్ ఎల్‌జేపీ ఎన్డీఏ బయట నిలబడి జేడీయూ మీద అభ్యర్థులను దింపింది. లిబరేషన్ గెలిచిన సీట్లలో చాలాచోట్ల ఎదురుగా ఉన్నది జేడీయూనే. 2025లో చిరాగ్, మాంఝీ, ఉపేంద్ర కుష్వాహా లాంటి చిన్న పార్టీల నేతలందరూ ఎన్డీఏ గొడుగు కిందే ఉన్నారు. దానికి తోడు ఎన్నికల ముందు మహిళల ఖాతాల్లో పడిన 10 వేల రూపాయలు. మహిళల పోలింగ్ 70 శాతం దాటింది, మగవాళ్ల కన్నా చాలా ఎక్కువ. లిబరేషన్ ఎన్నో ఏళ్లుగా మైక్రోఫైనాన్స్ అప్పుల మీద, ఆశా కార్యకర్తల, మధ్యాహ్న భోజన కార్మికుల జీతాల మీద ఆడవాళ్లను కూడగట్టి పోరాడింది. ఆ సంఘాల్లో ఉన్న మహిళల్లో ఎంతమంది ఈసారి వేరే గుర్తు నొక్కారన్నది పార్టీ తనను తాను అడగాల్సిన కష్టమైన ప్రశ్న.

ఓటర్ల జాబితా సవరణ మరో సంగతి. 2025 ఆగస్టు 1 ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. బూత్ ఏజెంట్లను పెట్టి ఊరూరా అభ్యంతరాలు సేకరించిన పార్టీల్లో లిబరేషన్ ముందుంది. వలస కూలీలు ఎక్కువున్న వాడల్లో పేరు పోతే మళ్లీ ఎక్కించడం ఎంత తంటానో ఆ పని చేసినవాళ్లకు తెలుసు.

బల్‌రామ్‌పూర్ కథ వేరు. కటిహార్ జిల్లాలోని ఈ సీటులో 2020లో మహబూబ్ ఆలం 53 వేల పైగా మెజారిటీతో గెలిచారు, ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోనే అతి పెద్ద మెజారిటీల్లో అదొకటి. 2025లో అదే మనిషి మూడో స్థానానికి వెళ్లారు. ముస్లిం ఓటు పెద్దఎత్తున ఎంఐఎం వైపు మళ్లింది, చివరికి చిరాగ్ పార్టీ ఎల్‌జేపీ(ఆర్‌వీ) అభ్యర్థి ఎంఐఎం మీద కొద్ది ఓట్ల తేడాతో బయటపడ్డారు. కటిహార్ ఉన్న సీమాంచల్ ప్రాంతంలో ఎంఐఎంను పొత్తులోకి రానివ్వకపోవడం ఆర్జేడీ నిర్ణయం, దాని దెబ్బ తగిలిన వాళ్లలో లిబరేషన్ ఒకటి. పెద్ద భాగస్వామి తీసుకునే నిర్ణయాల మీద చిన్న పార్టీకి పట్టు ఉండదు, నష్టంలో వాటా మాత్రం ఉంటుంది.

జార్ఖండ్‌లోనూ ఇదే తీరు. బగోదర్‌లో మహేంద్ర సింగ్ 1990, 1995, 2000లలో వరసగా గెలిచారు, 2005 జనవరి 16న ఎన్నికలకు ముందు ఆయన్ను హత్య చేశారు, కొడుకు వినోద్ సింగ్ ఆ సీటును నిలబెట్టారు. 2024లో బగోదర్ పోయింది, కానీ ఏకే రాయ్ పెట్టిన మార్క్సిస్ట్ కోఆర్డినేషన్ కమిటీ అంతకు కొద్దిగా ముందు లిబరేషన్‌లో విలీనం కావడంతో ధన్‌బాద్ బొగ్గు గనుల ప్రాంతంలో నిర్సా, సింద్రీ చేతికొచ్చాయి.

ఇలాంటి పార్టీ వాళ్లెవరైనా నన్ను అడిగితే చెప్పేది ఇదే. ఒంటరిగా వంద చోట్ల నిలబడిన 2005, 2010, 2015 ఎన్నికలను వృథా అనుకోవద్దు, పొత్తులో ఏ సీట్లు అడగాలో తేల్చింది ఆ ఓట్ల పట్టికలే. కాకపోతే ఇకమీదట సీట్ల సంఖ్య కోసం బేరమాడటం తగ్గించి, ఏ సీట్లన్న దాని మీద పట్టుబట్టాలి. 2020లో ఓడిన ఏడింటిలో దీఘా లాంటి పాట్నా నగర సీటు ఉంది, అక్కడ పార్టీకి సొంత ఓటు ఎంత? ఒంటరిగా 20 వేలు తెచ్చుకోలేని చోట పొత్తు ఓటు కూడా పూర్తిగా పడదు, ఎందుకంటే పోలింగ్ రోజు ఆ ఓటును బూత్ దాకా నడిపించడానికి సొంత మనుషులుండరు.

చివరగా అగియావ్. పాత సహార్‌లో ఒక ముక్క. 2020లో మనోజ్ మంజిల్ 48 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. 2015 నాటి హత్య కేసులో 2024 ఫిబ్రవరిలో జీవిత ఖైదు పడి ఆయన సభ్యత్వం పోతే, ఉప ఎన్నికలో శివ్ ప్రకాశ్ రంజన్ సునాయాసంగా నిలబెట్టారు. 2025లో అదే శివ్ ప్రకాశ్ రంజన్ బీజేపీ చేతిలో 95 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఒక నియోజకవర్గంలో మామూలుగా 300 దాకా బూత్‌లుంటాయి, అంటే మూడు బూత్‌లకు ఒక్క ఓటు. పాలీగంజ్, కారాకాట్ అసెంబ్లీ సీట్లు నిలబడ్డాయి, ఇది పోయింది. ఈ ఒక్క సీటుకు సంబంధించి 2020 ఫారం 20నూ 2025 ఫారం 20నూ పక్కపక్కన పెట్టి, ఒక్కో బూత్‌లో పోలైన ఓట్లు ఎంత పెరిగాయి, అందులో మూడు నక్షత్రాలకు ఎన్ని, జాబితాలోంచి తీసేసిన పేర్లు ఏ వాడలవి అన్నది పార్టీ ఇప్పుడే కూర్చుని తేల్చుకోవాలి, 2030 దాకా ఆగితే ఆ బూత్‌లలో కూర్చున్న ఏజెంట్లలో సగం మంది ఏ పంజాబ్‌కో సూరత్‌కో కూలికి వెళ్లిపోయి ఉంటారు.